సాధువు పడవ, వెనామీ కంటైనరు

కార్తీక పౌర్ణమి నాడు అన్నవరం కొండ మీద నిలబడ్డానికి చోటుండదని తెలిసీ వెళ్లాం. నవంబరు 5, బుధవారం. చీకటితోనే బయల్దేరినా వ్రత మండపంలో పీట దొరికేసరికి ఎండెక్కింది. పురోహితుడు గారు మైకులో మంత్రం చెబుతుంటే వరసల్లో కూర్చున్న జంటలన్నీ ఒకేసారి అక్షతలు వేసేశాయి. మా ఎడమ పక్క దంపతులు పూజలో కూడా ఫోను వంకే చూస్తున్నారు. అబ్బాయి టెక్సాస్‌లో ఉన్నాట్ట, వీడియోలో కథ వింటున్నాడు. కుడి పక్కాయన ఫోను మాత్రం జేబులోనే మోగి మోగి ఊరుకుంటోంది. రెండో కథ అయ్యాక కొబ్బరికాయ కొట్టే సందడిలో ఆయనతో మాట కలిసింది.

"రొయ్యలండీ. తొండంగి అవతల రెండు చెరువులు. పట్టుబడికొచ్చేశాయి. రేటు చెప్తానని రాత్రి నుంచీ తిప్పుతున్నాడు కొనేవోడు."

"మరి ఎత్తండి."

"కథలో ఉన్నాం కదండీ," అన్నారాయన.

ఇంతలో మూడో కథ మొదలైంది. సత్యనారాయణ వ్రత కథ చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం, పక్కన రొయ్యల రైతు ఉండటం వల్ల కాబోలు, అది అచ్చంగా ఎగుమతి వ్యాపారి కథలా వినిపించింది. సాధువనే వైశ్యుడు అల్లుణ్ణి వెంటబెట్టుకుని సరుకుతో రత్నసానుపురం వెళతాడు. అక్కడ చంద్రకేతు మహారాజు ఖజానాలో దొంగలు పడతారు. భటులు తరుముకొస్తే సొత్తంతా మామా అల్లుళ్ల బస దగ్గర పారేసి పోతారు. రాజుగారు విచారణ లేకుండానే ఇద్దర్నీ చెరసాలలో వేసి, వాళ్ల సొంత సరుకు కూడా జప్తు చేసేస్తాడు. మొక్కు మరిచిన పాపానికి స్వామి పెట్టిన పరీక్ష అని పురాణం చెబుతుంది, అది వేరే సంగతి. కానీ ఎవరో చేసిన పనికి సరుకు అమ్ముకోడానికొచ్చినవాడు చిక్కుకోవడం ఉందే, 2025 ఆగస్టు నుంచీ మన కోస్తాలో జరిగింది అదే.

ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. రష్యా నుంచి చమురు కొంటున్నందుకు అదే నెల 27 నుంచి ఇంకో 25 శాతం తగిలించింది. రొయ్యల మీద ఎప్పటి నుంచో ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలిపితే మొత్తం 60 శాతానికి దగ్గరయింది. చమురు కొన్నదెవరు? పెద్ద పెద్ద రిఫైనరీలు. పన్ను పడిందెవరి మీద? తొండంగి అవతల రెండు చెరువుల మీద. రష్యా చమురు అందరికంటే ఎక్కువ కొంటున్న చైనాకు ఆ పేరు మీద జరిమానా పడలేదు. చంద్రకేతు మహారాజు కనీసం అందరు వర్తకులకూ ఒకే ధర్మం పాటించి ఉంటాడు.

2024-25లో మన దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో గడ్డకట్టించిన రొయ్యలే 43,334 కోట్లు. ఆ రొయ్యలు కొనేవాళ్లలో పెద్దవాడు అమెరికా, పండించేవాళ్లలో పెద్దవాళ్లం మనం. సెప్టెంబరులో ముఖ్యమంత్రి కేంద్రానికి రాసిన లేఖలో సగం ఆర్డర్లు రద్దయ్యాయనీ, రాష్ట్రానికి నష్టం 25 వేల కోట్ల దాకా ఉంటుందనీ అన్నారు. ఈ అంకెల వెనక చెరువు రైతు ఒక్కడే లేడు. తల తీసి, పొట్టు వలిచే ఆడవాళ్లున్నారు. షెడ్డులోకి సరుకు రాకపోతే వాళ్లకి ఆ రోజు కూలి లేదు. లేఖల్లో వాళ్ల లెక్క తక్కువగా కనిపిస్తుంది.

మా పక్కాయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "మాది వంద కౌంటండీ. అదెక్కువగా చైనా పోద్ది. అమెరికావోడు తినేది పెద్ద రొయ్య. మరి అమెరికా పన్నేస్తే నా రేటెందుకు తగ్గాలండీ?" కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు, అంటే వంద కౌంటు చిన్న రొయ్య. న్యాయమైన ప్రశ్నే. పెద్ద రొయ్య అమ్ముడుపోదన్న భయంతో అందరూ తొందరగా పట్టేస్తే చిన్న కౌంటు మార్కెట్లో కుప్పపడి రేటు పడిపోతుందని వ్యాపారులు చెబుతారు. అది కొంత నిజం. పన్ను వంక దొరికింది కదాని కొనేవాళ్లంతా ఒక్కమాట మీద ఉన్నారని రైతులు అంటారు. అదీ కొట్టిపారేయలేం. రేటు పడేటప్పుడు ఒక్కరాత్రిలో పడి, లేచేటప్పుడు మాత్రం నెలలు పట్టడం మన కళ్లముందు జరిగేదే.

అమెరికా వైపు కూడా రొయ్యల వాళ్లున్నారు. లూసియానా, టెక్సాస్ తీరాల్లో పడవల మీద వలలేసేవాళ్లు. చెరువు రొయ్య చవగ్గా వచ్చిపడి తమ బతుకు పోయిందని వాళ్లు ఇరవై ఏళ్లకి పైగా పోరాడుతున్నారు. వాళ్లకి ఈ సుంకం పండగే. ఉప్పాడ పడవల వాళ్లని అడిగినా చెరువుల గురించి మంచి మాట రాదనుకోండి. కాకపోతే మన సరుకు ఆగిన మేరకు లూసియానా పడవే నిండుతుందని చెప్పలేం. ఈక్వెడార్ మీద పన్ను అప్పుడు 15 శాతమే. వెనామీ రొయ్య పుట్టిల్లే ఆ పసిఫిక్ తీరం. మనకొచ్చింది 2009లో.

మన తప్పూ లేకపోలేదు. తెల్లమచ్చ వచ్చి టైగర్ రొయ్య పోయాక వెనామీ పట్టుకున్నాం. ఒకే రొయ్య, ఒకే పెద్ద కొనుగోలుదారు. మందుల అవశేషాలున్నాయని కంటైనర్లు వెనక్కొచ్చినా అలవాటు పూర్తిగా మానలేదు. దెబ్బ తగిలాక ఇప్పుడు వేరే తలుపులు తడుతున్నాం. ఐరోపా వాళ్లు సెప్టెంబరులో మన యూనిట్లు మరో 102 ఒప్పుకున్నారు. తెల్లమచ్చ భయంతో పొట్టు తీయని మన రొయ్యని రానివ్వని ఆస్ట్రేలియా అక్టోబరులో కాస్త సడలించింది. బ్రిటన్‌తో ఒప్పందం మీద జూలైలో సంతకాలయ్యాయి గానీ అప్పటికింకా అమల్లోకి రాలేదు. ఇవన్నీ మంచివే. అయితే చెరువులో రొయ్యకి ఇవాళ్టి మేత ఇవాళే వెయ్యాలి, ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి, కరెంటు మీటరూ తిరుగుతుంది.

ఎడమ పక్క టెక్సాస్ అబ్బాయి కథ వేరే. సెప్టెంబరు 19న కొత్త హెచ్1బీకి లక్ష డాలర్లన్నారు, మన డబ్బులో 88 లక్షల పైచిలుకు. ఇప్పటికే అక్కడ చదువుతూ వీసా మారేవాళ్లకి ఇది వర్తించదని నెల తర్వాత వివరణ వచ్చింది. ఆ నెల రోజులూ ఈ తల్లిదండ్రులు నిద్రపోలేదట. మొక్కు అప్పటిదే.

వ్రతం ముగిసింది. దక్షిణ ఇచ్చి, ఆకు పొట్లంలో ప్రసాదం తీసుకుని అరుగు మీద కూలబడ్డాం. గోధుమనూక, బెల్లం, నెయ్యి; దాని రుచి గురించి గోదావరి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రొయ్యలాయన ఫోను మళ్లీ మోగింది. "ముందు ప్రసాదం తిననివ్వండి బాబూ. కళావతిలాగా వదిలేసి పరిగెత్తానంటే పడవ ములిగిపోద్ది," అని, ఆకు నాకినంత పని చేసి, అప్పుడు ఎత్తారు. అవతలి మాట నాకు వినపడలేదు. ఈయన "ఆయ్... ఆయ్..." అంటూ విని పెట్టేశారు.

"అమెరికా కోర్టులో ఇయ్యాల కేసంటండీ. అది తేలాక చూద్దాం అంటన్నాడు."

అది అబద్ధం కాదు. అదే రోజు, మన టైము రాత్రి ఎనిమిదిన్నరకి, కొండ కింద పంపా దగ్గర దీపాలు వదిలే వేళకి, వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు ఈ సుంకాల మీద వాదనలు మొదలుపెట్టింది. 1977 నాటి అత్యవసర అధికారాల చట్టాన్ని అడ్డం పెట్టుకుని, కాంగ్రెస్‌తో పని లేకుండా అధ్యక్షుడు పన్ను వేయొచ్చా అన్నది ప్రశ్న. మన మీద పడిన రెండు పాతికలకీ ఆధారం ఆ చట్టమే. పన్ను వేసే అధికారం ఎవరిదని జడ్జీలు గట్టిగానే అడిగారు. రొయ్యల చెరువులకి సుప్రీంకోర్టు కొత్తేం కాదు. 1996 డిసెంబరులో తీరం నియంత్రణ పరిధిలోని చెరువుల్ని తీసేయమని మన సుప్రీంకోర్టే తీర్పిచ్చింది, చాలా ఊళ్లు వణికాయి. ఈసారి తీర్పు ఇంకో దేశం కోర్టుది. అందులో తొండంగి రైతు కక్షిదారు కూడా కాదు.

తీర్పు ఎప్పుడొస్తుందో అప్పటికి తేదీ లేదు. ఆదివారం ఆయనకి ఫోన్ చేశాను. ఒక చెరువులో రొయ్య తేడాగా కనిపించిందట, శుక్రవారమే పట్టించేశారు, వాడు చెప్పిన రేటుకే. రెండో చెరువు ఉంచారు. మేత వేస్తున్నారు.