మ్యాచ్‌లు సరే, మన పిల్లల ఆట సంగతేంటి?



2021 మే 4న మధ్యలో ఆగిపోయిన ఐపీఎల్ ఈ సెప్టెంబర్ 19న దుబాయ్‌లో మళ్లీ మొదలవుతోంది. ఇంకా 31 మ్యాచ్‌లు ఉన్నాయి. స్కూల్ తెరిచినప్పటి నుంచి పిల్లలు నన్ను అడిగేది ఒక్కటే: "సార్, సన్‌రైజర్స్ ఇప్పుడైనా గెలుస్తుందా?" మీలో కొందరు గేటు దగ్గర అడుగుతున్నది వేరు: "కరోనా ఇంకా పోలేదు, ఇప్పుడు ఈ ఆటలు అవసరమా?"

ఏప్రిల్‌లో అడిగి ఉంటే "వద్దు" అనే చెప్పేవాణ్ని. ఆ నెలాఖరులో ఢిల్లీ ఆసుపత్రులు ఆక్సిజన్ కోసం అల్లాడుతుంటే, అదే ఢిల్లీలో ఫ్లడ్‌లైట్ల కింద మ్యాచ్‌లు జరిగాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ బెడ్ కోసం, దాని కిందే ఇంకో మెసేజ్ స్కోరు గురించి. కుటుంబం కోవిడ్‌తో పోరాడుతోందని అశ్విన్ టోర్నీ మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. చివరికి బయో బబుల్‌లోకీ వైరస్ వచ్చింది. సన్‌రైజర్స్ కీపర్ సాహాకు పాజిటివ్ అని తేలిన రోజే టోర్నీ ఆగింది.

అలాగని ఆటలన్నీ ఆపేయాలని నేను అనను. ఆటనే నమ్ముకుని బతికేవాళ్లు స్టార్లు మాత్రమే కాదు, పిచ్ తయారుచేసేవాళ్లూ నెట్ బౌలర్లూ ఉన్నారు. ఆగస్టు 1న టోక్యోలో మన సింధు కాంస్యం గెలిచినప్పుడు స్టేడియంలో ప్రేక్షకులు లేరు. అయినా ఇక్కడ మనం ఎంత సంబరపడ్డాం! కానీ అదే టోక్యోలో అప్పుడు ఎమర్జెన్సీ అమల్లో ఉంది, ఒలింపిక్స్ వద్దన్న జపాన్ వాళ్లూ చాలామందే. వాళ్ల భయమూ న్యాయమైనదే.

అందుకే నా కొలత ఇది. రోగికి దక్కాల్సిన బెడ్‌నీ, టెస్టునీ, డాక్టర్‌నీ ఆట లాక్కోకూడదు. జనం గుమిగూడకూడదు. ఇంటికి వెళ్లాలనుకున్న ఆటగాణ్ని ఎవరూ ఆపకూడదు. ఈ మూడూ కుదిరితే ఆడుకోనివ్వండి. ఒక్కటి తప్పినా, ఎంత డబ్బు పోయినా ఆపాల్సిందే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 16న, తెలంగాణలో ఈ నెల 1న బడులు తెరిచారు. మొదటి వారం ఏడో తరగతి పిల్లల్ని గ్రౌండ్ చుట్టూ ఒక్క రౌండ్ పరిగెత్తమన్నాను. సగంమంది మధ్యలోనే ఆయాసంతో కూర్చుండిపోయారు. వాళ్లకు ప్రతి బ్యాట్స్‌మన్ స్ట్రైక్ రేటూ తెలుసు. ఏడాదిన్నరగా ఎక్కువ రోజులు వాళ్లు చూసిన ఆటంతా ఫోన్‌లోనే.

"సిలబస్ వెనకబడింది, గేమ్స్ పీరియడ్‌లో మ్యాథ్స్ చెప్పించండి సార్" అని కొందరు పేరెంట్స్ అడుగుతున్నారు. మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ తలుపులు మూసిన గదిలో ఇంకో గంట కూర్చోబెట్టడం కంటే, ఆరుబయట దూరదూరంగా ఆడించడమే పిల్లలకు క్షేమం. గేమ్స్ పీరియడ్ తీసేయొద్దని మేనేజ్‌మెంట్‌నూ ఇదే పేజీలో కోరుతున్నాను. చిన్న బ్యాచ్‌లుగా పరుగు, స్కిప్పింగ్, షటిల్ ఆడిస్తే చాలు. కబడ్డీ లాంటివి కొన్నాళ్లు ఆగవచ్చు.

మీరు చేయాల్సినవీ మూడున్నాయి. జ్వరం, దగ్గు ఉంటే ఆ రోజు పంపకండి. ఎవరి వాటర్ బాటిల్ వాళ్లకే ఇవ్వండి. కోవిడ్ వచ్చి తగ్గిన పిల్లలైతే డాక్టర్‌ని అడిగి, ఆ సంగతి నాకు చెప్పండి.

19వ తేదీ ఆదివారం. మ్యాచ్ రాత్రి ఏడున్నరకు. నేనూ చూస్తాను. టీవీ పెట్టేలోపు ఓ అరగంట మీ అబ్బాయినో అమ్మాయినో మేడ మీదకు తీసుకెళ్లి, మీరూ కలిసి ఆడండి.

– మీ పిల్లల పీఈటీ సార్