కుక్కల వేట, ఉచ్చుల వేట - నడుమ రైతు

తిరువూరు ప్రాంతపు మెట్ట గ్రామాలలో మొక్కజొన్న కంకి పాలు పట్టే వేళకు అడవిపందులు చేలమీద పడతాయి. వాటి వెనుకే వేటగాళ్లు దిగుతారు. తగవు అక్కడే మొదలు.

ఉచ్చులలో, కరెంటు తీగెలపై పడి తమ కుక్కలు చస్తున్నాయని కుక్కలవారు అంటారు. కుక్కల అరుపులకు పందులు బెదిరిపోతున్నాయని, చేను తొక్కుడు పడుతున్నదని ఉచ్చులవారు అంటారు. ఎవరి మాట వారికి సబబే. కాని నష్టపోయేది చేనుగల ఆసామి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీరిద్దరినీ వేరుగా చూడలేదు. ఉచ్చు పన్నినా, ఎర వేసినా, తరిమినా అది వేటే. అనుమతి లేనిదే నేరమే. అందులోనూ కరెంటు తీగె మరీ ప్రమాదం. కుక్క మొరిగితే మనిషి మేల్కొంటాడు. తీగె మొరగదు. చీకట్లో మోటారు వేయడానికి పోయే రైతుకూ, పందికీ దానికి తేడా లేదు.

మరి పంట పోతుంటే చూస్తూ కూర్చోవాలా? అక్కరలేదు. అదే చట్టంలోని 11వ సెక్షను ప్రకారం, పంటకు ప్రమాదంగా మారిన అడవిపందిని వేటాడేందుకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. రైతులు ఎవరికి వారు వేటగాళ్లను పిలుచుకోవడం మాని, పంచాయతీ ద్వారా అటవీ శాఖకు ఉమ్మడి అర్జీ పెట్టాలి. అధికారులు కూడా పంట కోతకు రాకముందే ఆ అర్జీని తేల్చాలి. పంట పోయాక వచ్చే అనుమతి ఎవరికి కావాలి?

పొలంలో తీగె కనిపిస్తే ముట్టుకోక, లైన్‌మన్‌కు వెంటనే కబురు చేయాలి. వేటగాళ్ల తగవు తర్వాత తీర్చుకోవచ్చు. ముందు గట్టుమీద నడిచే మనిషి క్షేమంగా ఇంటికి చేరాలి.