గాయపడిన పక్షియు, మన చదువును

మా పాఠశాల సముద్రమునకు రెండు మైళ్ల దూరమున నున్నది. తూర్పుగాలి వీచు దినములలో కెరటముల ఘోష తరగతిగదులలోనికి వినవచ్చును. అయినను, ఇరువది సంవత్సరములుగా ప్రకృతిశాస్త్రమును బోధించుచున్న మేము పాఠము నిమిత్తమై విద్యార్థులను ఆ యొడ్డునకు ఒక్కనాడును తోడ్కొనిపోయి యెరుగము. ఇది మా లోపము. ఈ లోపమును మాకు దెలియజెప్పినది యొక పక్షి.

2023వ సంవత్సరము డిసెంబరు నెలలో ఒక సోమవారమునాడు ఎనిమిదవ తరగతి బాలురు నలుగురు ఒక తెల్లని పక్షిని తువాలులో జుట్టి పాఠశాలకు దెచ్చిరి. తెగిన వల యొక్క నైలాను దారము దాని రెక్కకు బిగిసి మాంసములోనికి దిగియుండెను. బాలురు జాలిపడి దాని ముక్కు తెరచి మంచినీరు పోసిరి. తమ పెరుగన్నము పెట్టజూచిరి. దారమును పట్టి లాగిరి. చుట్టును పిల్లలు గుంపుగా మూగిరి. మేమును వారింపలేదు సరిగదా, ఇంకను కొంచెము నీరు పోయుడని చెప్పితిమి. మధ్యాహ్నపు గంట కొట్టకమునుపే అది ప్రాణము విడిచెను.

దాని పేరేమని బాలు రడిగిరి. పుస్తకము దెచ్చి చూచితిమి. అందు గోధుమవన్నె తల గల గల్ పక్షి చిత్రమున్నది. మా యెదుటి పక్షి తల తెల్లనిది. కంటివెనుక నల్లని మచ్చ మాత్రము కలదు. తేల్చుకొనజాలక యూరకుంటిమి. అప్పుడు వెనుకబల్లపై కూర్చుండు జాలరి బాలుడొకడు లేచి, "అదేనండి మాస్టారూ. చలికాలంలో దాని తల తెల్లగా ఉంటాదండి. ఎల్లిపోయే ముందర గోధుమరంగు తిరుగుతాదండి" అనెను. వాడు చెప్పినది నిజము. ఈ పక్షులు లడాఖు, టిబెట్టు మొదలగు ఎత్తయిన ప్రదేశముల సరస్సులయొద్ద గ్రుడ్లు పెట్టి, శీతకాలమున మన తీరమునకు వచ్చును. పరీక్షలలో నెల్లప్పుడును కడపట నిలుచు ఆ బాలుడు ఆనాడు మాకు గురువాయెను.

పిమ్మట పశువైద్యుని యొద్దను, అటవీశాఖవారి యొద్దను విచారించి మేము తెలిసికొన్న సంగతులు మాకు సిగ్గు గలిగించినవి. పక్షి నాలుక మొదటనే శ్వాసనాళపు ద్వారముండును. బలవంతముగా బోసిన నీరు ఊపిరితిత్తులలోనికి బోవచ్చును. మాంసములో దిగిన దారమును లాగిన గాయము పెద్దదగును. అన్నము సముద్రపక్షికి ఆహారము కాదు. మనుష్యుల గుంపును, కేకలును గాయము కంటె తక్కువ హాని చేయవు. చేయవలసిన దంతయు మిక్కిలి సులభము. చేతులకు తొడుగులు వేసికొని, దానిపై గుడ్డ కప్పి, మెల్లగా నెత్తి, రంధ్రములు గల అట్టపెట్టెలో నుంచి, చీకటిగాను నిశ్శబ్దముగాను నుండుచోట బెట్టి, వెంటనే అటవీశాఖవారికి గాని పశువైద్యునికి గాని తెలుపవలెను. గూడబాతు వంటి కొన్ని పక్షులకు బయటికి తెరచియున్న ముక్కురంధ్రములు లేవు. అవి నోటితో ఊపిరి పీల్చును గనుక ముక్కును కట్టివేయరాదు. పక్షులకు వచ్చు జ్వరము మనుష్యులకును సోకవచ్చును గనుక, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, అట్టి పక్షిని ఇంటబెట్టుకొని పెంచరాదు.

మా బాలురకు దయ తక్కువైనదా? లేదు. వారికి లోపించినది జ్ఞానము. ఆ జ్ఞానమును వారికి ఈయవలసినవారము మేము. దయకు జ్ఞానము తోడు గానిచో, ఆ దయయే యొక్కొక్కప్పుడు అపకారమగును. ఆ రెండును కూడిన చోట నెంతటి కార్యము సాధ్యమగునో తెలుపుటకు దూరదేశపు దృష్టాంతము నొకటి చెప్పెదము.

2000వ సంవత్సరము జూను నెలలో దక్షిణ ఆఫ్రికాలోని కేప్ టౌను చేరువను 'ట్రెజర్' అను ఓడ మునిగెను. దాని నూనె పెంగ్విన్ పక్షులు నివసించు ద్వీపములను చుట్టుముట్టెను. నూనె అంటిన ఈకలు నీటిని ఆపజాలవు. పక్షి చలికి కృశించును. ఈకలు దువ్వుకొనుచు నూనెను మ్రింగును. వేలకొలది స్వచ్ఛంద సేవకులు కూడి, నూనె అంటిన సుమారు 19,000 పక్షులను చేరదీసిరి. ముందుగా వానికి బలము కలిగించి, అటుపిమ్మటనే కడిగిరి. నూనె అంటని మరి 19,500 పక్షులను పట్టి, దూరముననున్న పోర్టు ఎలిజబెత్తు యొద్ద సముద్రములో విడిచిరి. ఏలయన, అవి తమ ద్వీపములకు ఈదుకొని మరల వచ్చుననియు, వచ్చునంతలో నూనెను తొలగింపవచ్చుననియు వా రెరుగుదురు. అట్లే జరిగెను. పక్షి స్వభావ మెరుగనివారి కీ యుపాయము తోచునా?

పాఠ్యక్రమము ముగించుటకే కాలము చాలదనియు, ఒడ్డున దిరిగినంత మాత్రమున మార్కులు రావనియు కొందరనవచ్చును. మేమును చిరకాలము అట్లే అనుచుంటిమి. కాని, పక్షి లక్షణములు అయిదు వ్రాసి పూర్తి మార్కులు పొందిన బాలుడే నీరు పోసినవారిలో నొకడు. ఆ మార్కులు పక్షికిని పనికిరాలేదు, వానికిని పనికిరాలేదు.

కావున మా యభిప్రాయ మిది. తీరమునందలి ప్రతి పాఠశాలయు నెలకొక్క ఉదయమైనను ఒడ్డున పాఠము చెప్పవలెను. జాలరి పెద్దలను పిలిచి, వారి నోట చేపల పేర్లును, గాలుల గుణములును, పక్షుల రాకపోకలును వినవలెను. చలికాలపు కడపట తల్లితాబేళ్లు ఇసుకలో నూరేసి గ్రుడ్లు పెట్టి పోవుటయు, ఏబది దినముల వరకు గడచిన పిమ్మట పిల్లలు నీటికి బరువెత్తుటయు, అవకాశమున్నప్పుడు అటవీశాఖవారి వెంట దూరమునుండి చూడవలెను. తిరిగి వచ్చునప్పుడు ఒడ్డున బడియున్న వలముక్కలను, గాలపుదారములను ఏరి తేవలెను. పక్షిని బ్రతికించుటకంటె దానిని గాయపడనీయకుండుట మేలు గదా.

విద్యార్థులారా! మేము మొన్న జనవరి మాసమున మొదటిసారి మిమ్ము ఒడ్డునకు తోడ్కొనిపోతిమి. ఆనాడు మీరు ఒక గోనెసంచి నిండ దారము తెచ్చితిరి. ముందు నడచి త్రోవ చూపినవాడు ఆ జాలరి బాలుడే. తరగతిగది మూలలో ఒక అట్టపెట్టెయు, పాత తువాలును ఇప్పుడు సిద్ధముగా నున్నవి. వాని నుపయోగింపవలసిన దినము రాకుండుగాక. వచ్చినచో మన చేతులు ఈసారి తప్పు చేయకుండుగాక.