మోకాలు చెప్పే ముహూర్తం

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకెళ్లిన మా తమ్ముడి కొడుకు కాలు మెలిపడి కూలబడ్డాడు. లోపల ‘టప్’మన్నట్టు తెలిసిందట. సాయంత్రానికి మోకాలు ఉబ్బిపోయి చిప్ప ఎక్కడుందో కనిపించలేదు. మూడోనాడు ఎమ్మారై తీస్తే ఏసీఎల్ పూర్తిగా తెగిందని తేలింది. ఆ రాత్రే తమ్ముడి ఫోన్: “అన్నయ్యా, నరం తెగిందంట. ఎల్లుండే ఆపరేషన్ అంటున్నారు. ఆలస్యమైతే అతుక్కోదేమో!”

తెగింది నరం కాదు, ఎముకను ఎముకతో పట్టి ఉంచే లిగమెంటు. పైగా మామూలుగా దాన్ని అతికించరు. తొడ వెనక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో కొంత స్నాయువు తీసి కొత్తది అమరుస్తారు. అలాంటప్పుడు పాత కొసలు పాడైపోతాయన్న కంగారెందుకు?

వాపు దిగని మోకాలిని కోస్తే బిగుసుకుపోవచ్చు. మొదటి వారంలో ఆపరేషన్ అయినవారిలో ఈ బిగుతు ఎక్కువని అమెరికా సర్జన్ డొనాల్డ్ షెల్బోర్న్ బృందం 1991లోనే చెప్పింది. ఇప్పుడు పద్ధతులు మెరుగుపడ్డాయి కాబట్టి వారాల లెక్క కన్నా మోకాలి స్థితి ముఖ్యం. వాపు తగ్గిందా, కాలు పూర్తిగా చాచగలుగుతున్నారా, తొడ కండరం బిగించగలుగుతున్నారా అన్నవే చూడాలి.

స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మంది యువతీయువకులపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. వ్యాయామంతో మొదలుపెట్టి, అవసరమైతేనే ఆపరేషన్ అన్న వర్గంలో రెండేళ్లలో కత్తి దాకా వెళ్లింది పదిమందిలో నలుగురే. ముందే చేయించుకున్నవారికీ వీరికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అలాగని ఏళ్ల తరబడి వాయిదా వేయమని కాదు. దెబ్బ పాతబడినా మోకాలు జారిపోతూనే ఉన్నవారికి వ్యాయామం కన్నా ఆపరేషనే మేలని బ్రిటన్ అధ్యయనం 2022లో తేల్చింది. జారిన ప్రతిసారీ లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది. మెనిస్కస్ చిరిగి ఇరుక్కుని కాలు చాచలేకపోతే వారాలు ఆగకూడదు. మోకీలు పూర్తిగా తొలగి పాదం చల్లబడితే గంటలే గడువు, రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు.

రెజ్లర్ వినేశ్ ఫోగట్ మోకాలికి 2023 ఆగస్టు 13న గాయమైతే 17న ఆపరేషన్ జరిగింది కదా అంటారు. ఒలింపిక్స్ కోసం రోజులు లెక్కపెట్టుకునే క్రీడాకారిణి అవసరం వేరు, మనవాడి అవసరం వేరు.

మావాడు ఐదు వారాలు మడమ కింద తువ్వాలు చుట్టపెట్టి, మోకాలు మంచానికి ఆనేదాకా నొక్కాడు. మళ్లీ కూతకెళ్లాలన్న పట్టుదల ఉంది కనుక ఆరో వారంలో ఆపరేషన్ చేయించాం. తొమ్మిది నెలల లోపు బరిలోకి దిగితే మళ్లీ తెగే ముప్పు ఎక్కువ, అందుకే అప్పటిదాకా కూత బంద్.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే డాక్టరును “ఎప్పుడు చేస్తారు?” అని మాత్రమే అడగకండి. “ఈ మోకాలు ఆపరేషన్‌కు సిద్ధమైందా? ఆగితే నష్టమేంటి?” అనీ అడగండి. జవాబు చెప్పకుండా తేదీ మాత్రమే ఇస్తే, ఇంకో డాక్టరుకు చూపించుకోండి.