తుమ్మడానికి భయపడే ఆడవాళ్లు

ఒక మహిళా సంఘం సమావేశంలో ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటున్నాం. రక్తహీనత, బీపీ, షుగరు అన్నీ అయ్యాయి. అందరూ లేచి వెళ్లబోతుండగా నలభై ఏళ్లావిడ ఒకరు నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి అడిగింది. "అక్కా, తుమ్మొస్తే బట్ట తడిసిపోతోంది. ఇది రోగమా?" ఆ మాట చెవినపడ్డ ఇద్దరు వెళ్లేవాళ్లు కాస్తా ఆగిపోయారు. కాసేపటికి పదిమంది అయ్యారు. ప్రయాణముంటే ముందురోజు నుంచీ నీళ్లు మానేసేవాళ్లు, పెళ్లిళ్లలో పగలబడి నవ్వడానికి జంకేవాళ్లు, బస్తా ఎత్తేముందు లోపల గుడ్డ పెట్టుకునేవాళ్లు. "కాన్పులయ్యాక అందరికీ అంతే గదా" అంది ఒక పెద్దావిడ తేలిగ్గా. ఆ "అంతే గదా" తోనే నా పేచీ.

అంతే కాదు. ఆడదాని కటి భాగంలో, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, ఉయ్యాలలాగా ఒక కండరాల పొర ఉంటుంది. మూత్రసంచికీ, గర్భసంచికీ కింది ఆసరా అదే. గర్భం మోసినప్పుడు, బిడ్డ బయటికొచ్చేటప్పుడు అది సాగిపోతుంది. ఒక్కోసారి చిరుగుతుంది. చెయ్యి విరిగి కట్టు విప్పాక ఆ చేతికి మళ్లీ బలం రావడానికి వ్యాయామం చేయిస్తారు. ఈ కండరాలకు మాత్రం ఎవరూ ఏమీ చేయించరు. మనకి బాలింత అంటే పథ్యం, కాయం, నడికట్టు, చెవుల్లో దూది. అందులో విశ్రాంతి అనే మంచి మాట ఉంది, కాదనను. కానీ ఆ విశ్రాంతి ఇంట్లో గింజలున్న వాళ్లకే దక్కింది. కూలి చేసుకునే పచ్చి బాలింత నెల తిరక్కుండానే బిందె నడుంమీద పెట్టుకుంది.

ఇప్పుడు "కెగెల్ వ్యాయామాలు" అని పిలిచేవాటిని ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీ వైద్యుడు 1948లో వైద్య పత్రికలో రాశాడు. అంటే ఇది డెబ్బై ఏళ్లు దాటిన జ్ఞానం. మూత్రాన్నీ అపానవాయువునూ ఆపుకుంటున్నట్టుగా ఆ కండరాలను లోపలికీ పైకీ బిగించి, కొన్ని క్షణాలు ఉంచి, పూర్తిగా వదిలేయాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. ఎనిమిది పదిసార్లు చొప్పున రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. బీడీలు చుడుతూ చేసుకోవచ్చు, బస్సులో కూర్చుని చేసుకోవచ్చు, పక్కవాళ్లకు తెలియదు. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోయే స్త్రీలకు మందుకన్నా ఆపరేషన్‌కన్నా ముందు శిక్షణ పొందినవాళ్ల పర్యవేక్షణలో ఈ వ్యాయామమే ఇవ్వాలని బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఫ్రాన్సులో కాన్పయిన స్త్రీకి ఈ చికిత్స ఖర్చును సామాజిక భద్రతా వ్యవస్థ భరిస్తుంది.

పర్యవేక్షణ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. చెప్పింది విని సొంతంగా చేసేవాళ్లలో చాలామంది బిగించడానికి బదులు కిందికి ముక్కుతారు, దాంతో మేలు పోయి కీడవుతుంది. అందుకే గోడమీద పోస్టరు అంటించి, కరపత్రం పంచి చేతులు దులుపుకుంటే లాభం లేదు. పరీక్షించి, సరిచేసి, నెల తర్వాత మళ్లీ చూసే మనిషి కావాలి. ఆ మనిషి పేరే ఫిజియోథెరపిస్టు.

ఈ పేరు వినగానే మనకు క్రికెట్ మైదానంలోకి సంచీ పట్టుకుని పరుగెత్తే మనిషి గుర్తొస్తాడు. నిజానికి ఈ వృత్తికి పునాది వేసినవాళ్లలో ఆడవాళ్లున్నారు. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు కలిసి పెట్టుకున్న సంఘమే తర్వాత బ్రిటన్‌లో ఫిజియోథెరపీ వృత్తి సంస్థ అయింది. కానీ ఎవరి శరీరం విలువైనదని సమాజం అనుకుంటుందో వాళ్ల దగ్గరికే ఏ వైద్యమైనా ముందు వెళ్తుంది.

క్రీడాకారిణుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మన పి.వి. సింధు 2022 కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచాక ఎడమ చీలమండలో ఎముక చిట్లిందని తేలి నెలల తరబడి ఆటకు దూరంగా ఉంది. సానియా మీర్జా 2018లో బిడ్డను కని, 2020 జనవరిలో హోబార్ట్‌లో డబుల్స్ గెలిచింది. తల్లి అయ్యాక ఆట ముగిసినట్టేనన్న మాటకు అది మంచి జవాబు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. శరీరంతో పనిచేసేవాళ్లకు ఆ శరీరాన్ని బాగుచేసుకునే సమయమూ, బాగుచేసే మనిషీ ఆ పనిలో భాగమే. దెబ్బ తగిలిన క్రీడాకారిణిని "ఓర్చుకో, ఆడదానివి" అని తిరిగి కోర్టులోకి తోస్తే పత్రికలు ఊరుకుంటాయా? రోజంతా నడుం వంచి నాటు వేసే మనిషికి మాత్రం రోజూ చెప్పే మాట అదే.

"పొలం పనే వాళ్లకు ఎక్సర్‌సైజు" అని ఒక డాక్టరు నాతోనే అన్నారు. తప్పు. వ్యాయామంలో బరువు కొలత ప్రకారం పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, నొప్పి వస్తే ఆపుతారు. నాట్లలో ఇవేవీ లేవు. ఒకే వంపులో గంటల తరబడి ఉన్న వెన్ను బలపడదు, అరుగుతుంది. బీడీలు చుట్టే ఆమె మెడ, బట్టలుతికే ఆమె మణికట్టు, ఆరో నెలలో రాళ్లు మోసే ఆమె నడుం కూడా అంతే. గర్భిణికి పక్కకు తిరిగి చేతి ఆసరాతో లేవడం, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, నడుం నొప్పికి చేసుకోదగ్గ కదలికలు నేర్పడానికి ఎంతసేపు పడుతుంది? చెకప్‌కు వెళ్తే బరువు చూస్తారు, బీపీ చూస్తారు, ఐరన్ మాత్రలిస్తారు. నడుం నొప్పి అంటే "మామూలే" అంటారు.

సిజేరియన్ల సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు కోతతోనే జరిగాయి. దేశం మొత్తం మీద 21.5 శాతం. ఇంతమంది పొట్టలు కోస్తున్న వ్యవస్థ, దగ్గేటప్పుడు కుట్లమీద దిండు అదిమి పట్టుకోమని, ఊపిరి నిండా తీసుకోమని, ఏ వారం నుంచి ఏ కదలిక మొదలుపెట్టాలో చెప్పే బాధ్యత మాత్రం తీసుకోవడం లేదు. కోతకు డబ్బుంది, కోలుకోవడానికి లేదు.

ఈ నిర్లక్ష్యానికి చివరి మెట్టు మనకందరికీ తెలుసు. గర్భసంచి జారినా, నడుం నొప్పన్నా, తెల్లబట్ట అన్నా "తీయించేసుకో, పీడా పోతుంది" అంటారు. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో 3.2 శాతమే. వ్యాయామంతో ఈ ఆపరేషన్లన్నీ ఆగిపోతాయని నేననను. ఎక్కువమంది చెప్పే కారణం అధిక రక్తస్రావం, దానికి వేరే వైద్యం కావాలి. గర్భసంచి పూర్తిగా బయటికి జారిపోయాక వ్యాయామం ఒక్కటీ చాలదు కూడా. కానీ జారడం మొదలైన దశలో వ్యాయామం, లోపల అమర్చే రింగు, బరువులు తగ్గించడం వంటి దారులున్నాయని ఆమెకు చెప్పకుండా వేలిముద్ర తీసుకోవడం అంగీకారం కాదు. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ అమలులో ఫిజియోథెరపీ ఎక్కడుందని మనం అడగాలి.

1994 కైరో సదస్సు తర్వాత పునరుత్పత్తి ఆరోగ్యం అన్న మాట ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. ఆచరణలో అది బిడ్డ బతకడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ దగ్గరే తిరుగుతోంది. ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు ఇంటికొస్తుంది. బిడ్డ బరువు తూస్తుంది, వేడి చూస్తుంది. ఆ ఆరుసార్లలో ఒక్కసారైనా "నీకు మూత్రం ఆగుతోందా, కింద బరువుగా ఉందా?" అని తల్లిని అడిగే పద్ధతి పెడితే ఎంత తేడా వస్తుందో ఊహించండి. అయితే గౌరవ వేతనమనే పేరుతో ఇచ్చే ఆ కాస్త డబ్బుకు ఆశా నెత్తిన ఇంకో పని రుద్దమని కాదు. అడగడం ఆమె వంతైతే, ఆమె పంపిన స్త్రీని చూడటానికి ఆస్పత్రిలో మనిషి ఉండాలి. ఆమె నడుం కూడా ఎవరైనా చూడాలి.

ఇంకో సంగతి. వ్యాయామం చెప్పి, చెయ్యలేదని ఆడవాళ్లనే తిట్టే రోజు వస్తుందేమోనని నా భయం. రెండు బిందెలు ఆమే మోయాలి, మంచం మీదున్న అత్తగారిని ఆమే లేపాలి, ఆపైన మూడు పూటలా వ్యాయామమూ చేయాలి అంటే అది వైద్యం కాదు, ఇంకో చాకిరీ. భర్తను కూడా పిలిచి ఆరు వారాలపాటు బరువులు నీవే ఎత్తాలని ఆస్పత్రివాళ్లే చెప్పాలి. డాక్టరు చెప్తే వినే మగవాళ్లు, భార్య చెప్తే వినరు గదా!

మా సంఘం ఏరియా ఆస్పత్రికి ఇవ్వబోయే వినతిపత్రంలో మూడు మాటలే రాశాం. కాన్పుల వార్డుకు ఒక మహిళా ఫిజియోథెరపిస్టును పర్మనెంటు పోస్టులో వేయాలి. డిశ్చార్జికి ముందు ప్రతి బాలింతనూ ఆమె చూడాలి. ఆరో వారంలో తిరిగి వచ్చేవాళ్లకు రానుపోను ఛార్జీలు, ఆ రోజు కూలి ఇవ్వాలి. మూడోది చదివి ఒక అధికారి నవ్వారట. చేయి పట్టుకుని నన్ను పక్కకు తీసుకెళ్లిన ఆవిడే ఆ కాగితం మీద మొదటి సంతకం చేసింది.