పాస్‌వర్డ్ మర్చిపోతే... ఫార్మాటే గతా?

‘‘అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ గుర్తు రావడం లేదా? ఫార్మాట్ కొట్టించేయండి, గంటలో పనైపోతుంది!’’... రిపేరు షాపుల్లో తరచూ వినిపించే సలహా ఇది. గంటలో పనైపోతుందన్న మాట నిజమే. కానీ దాంతోపాటే అమ్మాయి పెళ్లి ఫొటోలూ, అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టూ, దుకాణం లెక్కలూ కూడా అయిపోతాయి. అందుకే తలూపేముందు ఒక్క విషయం తేల్చుకోవాలి- మీ కంప్యూటర్‌కు పడిన తాళం ఏ రకం?

పిండి మళ్లీ బియ్యం కాదు

పాస్‌వర్డ్ కంప్యూటర్లోనే ఎక్కడో దాగి ఉంటుంది, వెతికి తీయొచ్చు అనుకుంటారు చాలామంది. ఒకప్పుడు అలాగే ఉండేది. 1960ల్లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం తయారుచేసిన సీటీఎస్ఎస్ వ్యవస్థలో అందరి పాస్‌వర్డ్‌లూ ఉన్నవి ఉన్నట్టుగా ఒకే ఫైల్లో ఉండేవి. ఓసారి రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయినవాళ్లందరికీ ఆరోజు సందేశం బదులు ఆ పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది! ఇప్పుడు విండోస్ మీ పాస్‌వర్డ్‌ను దాచుకోదు. దాన్ని ‘హ్యాష్’ అనే మరో రూపంలోకి మార్చి, అది మాత్రమే ఉంచుకుంటుంది. బియ్యాన్ని పిండి చేయగలం కానీ పిండిని బియ్యం చేయలేం కదా! ఇదీ అంతే. కాబట్టి పాతది వెతకడం కాదు, కొత్తది పెట్టుకోవడమే మార్గం.

మొదటి రకం: మైక్రోసాఫ్ట్ అకౌంట్

ఈమెయిల్ ఐడీతో లాగిన్ అయ్యే కంప్యూటర్ అయితే పని తేలిక. రోజూ నాలుగంకెల పిన్ కొట్టడం అలవాటై అసలు పాస్‌వర్డ్ మర్చిపోయేది ఎక్కువగా వీళ్లే. వేరే ఫోన్ నుంచి మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళ్లి ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అన్నచోట నొక్కితే, మీరు ముందే ఇచ్చిన మొబైల్‌కో మెయిల్‌కో కోడ్ వస్తుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని, కంప్యూటర్‌కు నెట్ కలిపి లాగిన్ అయితే సరి. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. చిక్కల్లా ఆ పాత సిమ్ ఎప్పుడో పారేసినవాళ్లకే. ఆ వివరాలన్నీ మార్చాల్సి వస్తే 30 రోజులు ఆగాలి.

రెండో రకం: లోకల్ అకౌంట్

కంప్యూటర్‌కే పరిమితమైన అకౌంట్ ఇది. 2018 నుంచి విండోస్ 10లో, ఆ తర్వాత 11లో దీనికి మూడు భద్రతా ప్రశ్నలు పెట్టుకునే వీలుంది. పాస్‌వర్డ్ తప్పు కొట్టగానే కనిపించే ‘రీసెట్ పాస్‌వర్డ్’ నొక్కి, జవాబులు సరిగా చెబితే చాలు. అదే కంప్యూటర్లో ఇంకొకరికి అడ్మినిస్ట్రేటర్ హోదా ఉన్నా, వాళ్లు లాగిన్ అయి మీకు కొత్త పాస్‌వర్డ్ పెట్టొచ్చు. అలా మారిస్తే బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌లు పోవచ్చు. విండోస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టుకున్న ఫైళ్లు ఉంటే అవీ తెరుచుకోవు.

ఈ రెండూ కుదరకపోతే ఫార్మాట్ తప్పకపోవచ్చు. కానీ ముందు ఫైళ్లను బయటికి తీయించండి. హార్డ్‌డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి గానీ, పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ నడిపి గానీ ఫొటోలూ డాక్యుమెంట్లూ కాపీ చేసుకోవచ్చు. లాగిన్ పాస్‌వర్డ్ వీధి తలుపుకి గడియ లాంటిది మాత్రమే. లోపలి సామానుకు అది తాళం కాదు.

మూడో రకం: డిస్క్‌కే తాళం

సామానుకే తాళం వేసేది ‘బిట్‌లాకర్’. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో, అందులోనూ 2024లో వచ్చిన వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలావాటిలో ఈ రక్షణ దానంతటదే మొదలవుతుంది. యజమానికి తెలియకపోవచ్చు కూడా. అప్పుడు డిస్క్ ఊడదీసి ఎక్కడ తగిలించినా ఏమీ చదవలేం. 48 అంకెల ‘రికవరీ కీ’ ఉండాల్సిందే. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది. ఫోన్ నుంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. అది దొరక్కముందే ఫార్మాట్ చేయిస్తే ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

ఇవి మాత్రం వద్దు

నెట్‌లో ఉచితంగా దొరికే ‘క్రాకింగ్’ సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. పాస్‌వర్డ్ మాటేమో గానీ వైరస్ రావడం ఖాయమనుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే సొంత ప్రయోగాలు మాని ఐటీ విభాగానికి చెప్పండి. ఇవన్నీ మీ కంప్యూటర్‌కే. అనుమతి లేకుండా దురుద్దేశంతో ఇతరుల కంప్యూటర్ తెరిస్తే, 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం మూడేళ్ల వరకూ జైలు, రూ.5 లక్షల వరకూ జరిమానా పడొచ్చు.

ఈ ఆదివారం పది నిమిషాలు

చాలా ఇళ్లలో పాస్‌వర్డ్ తెలిసింది ఒక్కరికే. ఆ ఒక్కరూ ఊళ్లో లేకపోయినా, ఆస్పత్రిలో ఉన్నా మిగతావాళ్లకు దారి ఉండదు. కాబట్టి ఇంట్లో నమ్మకమైన మరొకరికి అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ తెరవండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉన్నది ఇప్పుడు వాడుతున్న నంబరేనా, చూడండి. రికవరీ కీని ప్రింట్ తీసి, ఇంటి కాగితాలతోపాటు బీరువాలో పెట్టండి. ఫొటోలు విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. పాస్‌వర్డ్ మళ్లీ మర్చిపోయినా ఫొటోలు మాత్రం పోవు!