స్థూపానికి దండ, బిడ్డకు నాలుగేళ్ల కొలువు

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచే ఆ ఊరి బిడ్డలు సైన్యంలో ఉన్నారు. అమరులైన వారికి ఊళ్లో స్మారక స్థూపం కట్టుకున్నారు.

సేద్యం గిట్టక, నెల జీతం, పింఛను ఉంటాయన్న భరోసాతోనే మనం పిల్లల్ని సైన్యానికి పంపుతూ వచ్చాం. 2022లో కేంద్రం తెచ్చిన అగ్నిపథ్ ఆ భరోసాను తీసేసింది. నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్లు పింఛను లేకుండా, గిట్టుబాటు ధర లేని పొలానికే తిరిగి రావాలి.

1965లో లాల్ బహదూర్ శాస్త్రి 'జై జవాన్, జై కిసాన్' అన్నారు. మన ఊళ్లలో ఆ ఇద్దరిదీ ఒకే గడప. స్థూపానికి దండ వేయడానికి వచ్చే నాయకులను అక్కడే నిలదీద్దాం: అగ్నిపథ్ రద్దు చేయండి, మద్దతు ధరకు చట్టం తెండి!